ఇంట్లో పెద్ద విషయం జరిగితే ఫ్యామిలీ డాక్టర్‌కి ఎలా చెప్పాలి

నాన్నకి స్టెంట్ వేశారు, కోడలికి నెల తప్పింది, ఇంట్లో పెద్దాయన పోయారు... ఇలాంటప్పుడు ఏళ్లుగా చూస్తున్న మన కాలనీ డాక్టర్ గారు ఒక్క మాట మాట్లాడితే ఎంత ధైర్యమో. కానీ ఫోన్ చేయాలంటే మొహమాటం, ఆయనకి తెలిసే ఉంటుందిలే అనుకుంటాం. తెలీదండీ. హైదరాబాద్‌లో పెద్ద హాస్పిటల్ నుంచి మన క్లినిక్‌కి లెటర్ వెళ్లే పద్ధతి మామూలుగా లేదు, మనం చెప్తేనే తెలిసేది.

అందుకే అంతా బాగున్నప్పుడే, బీపీ చెకప్‌కి వెళ్లినప్పుడే అడిగి పెట్టుకోండి, "డాక్టర్ గారూ, అవసరమైతే మీకు ఫోన్ చేయొచ్చా, వాట్సాప్ పెట్టాలా" అని. 2020 టెలిమెడిసిన్ గైడ్‌లైన్స్ ప్రకారం డాక్టర్లు ఫోన్లో, మెసేజ్‌లో కూడా చూడొచ్చు, ఫీజూ తీసుకోవచ్చు, కాబట్టి ఫీజు ఎంతో మనమే అడిగి ఇవ్వడం మర్యాద. ఛాతీ నొప్పి, ఆయాసం లాంటివైతే మాత్రం మెసేజ్‌లు వద్దు, సీదా 108.

మెసేజ్ చిన్నగా ఉండాలి: "నమస్తే డాక్టర్ గారూ, మీ దగ్గర షుగర్‌కి చూపించుకునే ఫలానా వాళ్ల అబ్బాయిని. నాన్నకి స్టెంట్ వేశారు, నిన్న డిశ్చార్జ్ అయ్యారు. ఒకసారి మాట్లాడాలి, ఎప్పుడు రమ్మంటారు?" రిపోర్టులు ఇరవై ఫోటోలు తీసి పంపకండి, డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి చాలు. కలవడానికి వెళ్తే సాయంత్రం టోకెన్ల రష్‌లో కాకుండా క్లినిక్ తెరవగానే వెళ్లండి, పాత మందులు కొత్త మందులు అన్నీ ఒకే కవర్లో వేసుకుని వెళ్లండి, ఎందుకంటే ఒకే మందు రెండు బ్రాండ్ల పేర్లతో రెండుసార్లు వేసేసుకోవడం నిజంగా జరుగుతుంది.

ప్రెగ్నెన్సీ అయితే ప్లాన్ చేసుకుంటున్నప్పుడే చెప్పండి, కొన్ని బీపీ, ఫిట్స్ మందులు ముందే మార్చాల్సి ఉంటుంది. సొంతంగా మాత్రం ఆపకండి.

మంచం పట్టిన పెద్దవాళ్లు ఉంటే డాక్టర్‌కి అప్పుడప్పుడూ చూపిస్తూనే ఉండండి. ఇంట్లోనే పోతే, చివరి జబ్బులో చూసిన డాక్టరే మరణ కారణం సర్టిఫికెట్, అదే ఫారం 4ఎ, ఇవ్వాలి, చట్టం ప్రకారం దానికి ఫీజు లేదు. మరణం 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి. ఇంకో సంగతి, ఆ పది పదకొండు రోజులూ అమ్మ టాబ్లెట్లు వేసుకుందా, నిద్రపోయిందా ఎవరూ చూడరు, పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్లిపోయాకే అసలు బాధ మొదలయ్యేది. అప్పుడు అమ్మని తప్పకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, "నాన్న పోయారు" అని మీరే ముందు చెప్పండి, ఆమె నోటితో చెప్పించకండి. రాత్రిళ్లు మరీ తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

ఫ్యామిలీ డాక్టర్ అంటూ లేనివాళ్లు బస్తీ దవాఖానాకి, అంటే బస్తీలో ఉండే ప్రభుత్వ క్లినిక్‌కి, వెళ్లొచ్చు, డాక్టర్ చూస్తారు, పైసా తీసుకోరు. అక్కడ డాక్టర్లు మారినా ఇబ్బంది లేకుండా పాత చీటీలన్నీ ఒక ఫైల్లో పెట్టి ప్రతిసారీ తీసుకెళ్లండి.