పార్కింగ్ ఫైన్ అప్పీలును కౌన్సిల్ సరిగా చూడలేదా? ఎక్కడ తేడా కొట్టిందో ఇలా పట్టుకోండి

ఇది ఇంగ్లండ్‌లో కారు నడిపే మనవాళ్ల కోసం. ముందు చేతిలో ఉన్న కాగితం చూడండి. కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ ఛార్జ్ నోటీస్. సూపర్‌మార్కెట్ కార్ పార్కులో ప్రైవేటు కంపెనీ ఇచ్చేది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. రెండింటినీ పీసీఎన్ అనే అంటారు, అక్కడే సగం గందరగోళం. రెండోదైతే కింద రాసిందేదీ పనికిరాదు.

సమస్య: రాసింది చదవకుండానే కాదన్నారు

మెషీన్ పనిచేయట్లేదని నేను ఫొటో పెట్టి రాశాను. తెర మీద ఎర్ర అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వచ్చిన జవాబులో మాత్రం టికెట్‌ను అద్దం దగ్గర కనిపించేలా పెట్టాలని పాఠం చెప్పారు.

కారణం: రెడీమేడ్ ఉత్తరం. మొదట రాసేది అనధికారిక అభ్యంతరమే కాబట్టి చాలాచోట్ల పైపైన చూసి పంపేస్తారు.

పరిష్కారం: త్వరగా కట్టేసి సగం డబ్బుతో బయటపడే అవకాశం వదులుకోవడానికి సిద్ధమైతే నోటీస్ టు ఓనర్ (కారు ఓనర్ పేరున కౌన్సిల్ పంపే అధికారిక నోటీసు) వచ్చేదాకా ఆగండి. అది వచ్చాక 28 రోజుల్లో అధికారికంగా రాయాలి. మళ్లీ కాదంటే ఇంకో 28 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. లండన్‌లో అయితే లండన్ ట్రిబ్యునల్స్, మిగతాచోట్ల ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్. అప్పీలుకు ఫీజు లేదు. అక్కడిదాకా వెళ్తే కౌన్సిలే వెనక్కి తగ్గే కేసులూ ఉంటాయి.

సమస్య: ఎన్నాళ్లయినా జవాబు లేదు

అధికారికంగా రాసినదానికి 56 రోజుల్లో జవాబివ్వకపోతే మీ వాదన ఒప్పుకున్నట్టే లెక్క. మొదటి అభ్యంతరానికి ఈ రూలు లేదు. ఆన్‌లైన్‌లో పంపగానే వచ్చే కన్ఫర్మేషన్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

సమస్య: ఏకంగా ఛార్జ్ సర్టిఫికెట్ (ఫైన్ పెంచామని కౌన్సిల్ పంపే కాగితం) వచ్చింది, ఫైన్ 50 శాతం పెరిగింది

కారణం: చాలాసార్లు లాగ్‌బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ పత్రంలో) పాత అడ్రస్ ఉండటమే. ఇల్లు మారినప్పుడు వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏకి చెప్పడం మనలో ఎంతమందికి గుర్తుంటుంది? ఒక్కోసారి మన ఉత్తరం కౌన్సిల్ దగ్గరే తప్పిపోతుంది.

పరిష్కారం: తర్వాత ఆర్డర్ ఫర్ రికవరీ (బాకీ వసూలు ఉత్తర్వు) వస్తుంది. 21 రోజుల్లో, నోటీసు అందలేదనో, రాసినదానికి జవాబు రాలేదనో చెప్పే టీఈ9 ఫారం నింపి నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌కు పంపాలి. గడువు దాటితే ఆలస్యానికి అనుమతి అడిగే టీఈ7 కూడా జతచేయాలి. దీంతో ఫైన్ రద్దు కాదు, కేసు ముందటి దశకు వెనక్కి వెళ్తుంది. బెయిలిఫ్ (బాకీ వసూలుకు ఇంటికొచ్చేవాడు) తలుపు తట్టేదాకా ఆగకండి. ఫారంలో అబద్ధం మాత్రం రాయొద్దు, అది నేరం.

సమస్య: ఫిర్యాదు చేస్తే "అప్పీలు చేసుకోండి" అని తిప్పి పంపారు

కారణం: ఫైన్ తప్పని వాదించడం ఒకటి, పని తీరు బాగోలేదని ఫిర్యాదు చేయడం ఇంకొకటి. మనం కోపంలో రెండూ ఒకే ఉత్తరంలో కలిపేస్తాం. నేనూ అదే చేశాను. పైగా ఫిర్యాదు నడుస్తోంది కదా అని ధీమాగా కూర్చున్నాను. అప్పీలు గడువు దానికోసం ఆగదు. చివరికి సారీ చెబుతూ ఉత్తరం వచ్చింది, ఫైన్ మాత్రం పూర్తిగా కట్టాను.

పరిష్కారం: అప్పీలు దారిన అప్పీలు నడపండి. ఫిర్యాదులో "3వ తేదీన ఫొటోలు పంపాను, 20వ తేదీ జవాబులో వాటి ఊసే లేదు" అన్నట్టు తేదీలు, జరిగింది మాత్రమే రాయండి. కౌన్సిల్ చివరి జవాబు కూడా నచ్చకపోతే, విషయం తెలిసిన 12 నెలల్లోపు, కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ట్రిబ్యునల్ తేల్చాల్సిన ఫైన్ గొడవను వాళ్లు సాధారణంగా ముట్టుకోరు.