ఉల్లికోడు డీఎన్ఏ పరీక్షలో కందిరీగ పేరు వస్తే

సమస్య: ఉల్లికోడు వరిని పట్టే బుల్లి దోమ లాంటి పురుగు, అది పట్టిన పిలక ఉల్లికాడలా గొట్టమవుతుంది. జాతి తేల్చే డీఎన్ఏ పరీక్షకు (బార్‌కోడ్) ఆ గొట్టంలోంచి తీసిన పిల్ల పురుగు. పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) పెంచాక జెల్‌లో 710 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) దగ్గర చక్కటి బ్యాండ్. ఆ అక్షరాల వరుసను, అంటే సీక్వెన్స్‌ను బ్లాస్ట్ చేస్తే (ఆన్‌లైన్ డేటాబేస్‌తో పోల్చి చూస్తే) మాత్రం ఉల్లికోడు బదులు ఏదో కందిరీగ పేరు. లేదా క్రోమటోగ్రామ్ (సీక్వెన్స్ చదివిన గ్రాఫ్) పొడుగునా ఒకదానిపై ఒకటి రెండేసి పీకులు.

ముందు జెల్‌లో నెగటివ్ కంట్రోల్ గడి చూడండి. డీఎన్ఏ వేయని ట్యూబులోనూ బ్యాండ్ ఉంటే ఆ బ్యాచ్ పారేసి నీళ్లు, ప్రైమర్లు (పెంచాల్సిన ముక్క కొసలకు అతుక్కునే చిన్న డీఎన్ఏ తునకలు) మార్చండి. ఈ గడి చూడకుండానే రోజుల తరబడి పీసీఆర్ ఉష్ణోగ్రతలు మారుస్తూ కూర్చుంటారు, దయచేసి అలా చేయకండి.

ఆ గడి ఖాళీగా ఉంటే పీసీఆర్ తప్పేమీ లేదు, పురుగు లోపల చూడాలి. ప్లాటిగాస్టర్ ఒరైజే అనే బుల్లి నల్ల కందిరీగ ఉల్లికోడు గుడ్డులోనో, అప్పుడే పొదిగిన పిల్లలోనో తన గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క గుడ్డే లోపల చీలి అనేక పిల్లలవుతుంది. పురుగు ఎదిగేదాకా పైకి ఏ తేడా కనపడదు. దాన్ని అలాగే నూరితే రెండు జీవుల డీఎన్ఏ ఒకే ట్యూబులో చేరుతుంది. ఈ పరీక్షలో వాడే ఫోల్మర్ ప్రైమర్లు దాదాపు ఏ కీటకం డీఎన్ఏకైనా అతుక్కుంటాయి కాబట్టి, ఏ జీవి డీఎన్ఏ ఎక్కువుంటే, దేనికి ప్రైమర్ బాగా అతికితే అదే పైకొస్తుంది.

పరిష్కారం: పిల్ల పురుగు బదులు, రెక్కలొచ్చి దోమలా మారిన ఉల్లికోడును వాడండి. గొట్టమున్న పిలకను మొదలుతో సహా తీసి, అడుగున తడి దూది పెట్టిన పరీక్షనాళికలో ఉంచి, మూతికి గుడ్డ కట్టండి. గొట్టం కొసన ప్యూపా తొడుగు బయటికి పొడుచుకొని ఉంటే దోమ ఎప్పుడో ఎగిరిపోయింది, ఆ పిలక వద్దు. బయటికొచ్చిన దోమ కాలు ఒకటి రెండు చాలు. మిగతా ఒళ్లు 95 శాతం ఆల్కహాల్‌లో దాచండి. ఒకే గొట్టంలోంచి నల్ల కందిరీగలు గుంపుగా వస్తే జవాబు దొరికినట్టే.

పిల్ల పురుగులే దిక్కయితే గాజు పలకపై నీటిచుక్కలో సూదులతో చీల్చి మైక్రోస్కోప్ కింద కందిరీగ పిల్లలున్నాయేమో చూడండి. లేత దశలో అలా చూసినా దొరకవు, అందుకే అయిదారింటిని విడివిడిగా చేయండి, ఎప్పుడూ కలిపి నూరొద్దు. కందిరీగ సీక్వెన్స్ వస్తే చెరిపేయకండి, ఆ పొలంలో మిత్రపురుగు ఉందనడానికి అదే ఆధారం.

బ్లాస్ట్‌లో కీటకాల ఒంట్లో ఉండే వోల్బాకియా బ్యాక్టీరియా వస్తే ప్రైమర్ మార్చండి. ఈ పరీక్షలో చదివే జన్యువు మైటోకాండ్రియాది (కణంలో శక్తినిచ్చే భాగం). సీక్వెన్స్‌ను కీటకాల మైటోకాండ్రియా కోడ్‌తో ప్రోటీన్‌గా అనువదిస్తే మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రోటీన్ ఇక్కడ ఆగాలనే గుర్తు) వచ్చిందా, అది చాలావరకు కణ కేంద్రకంలో చేరిన ఆ జన్యువు నకలు, వదిలేయండి. బ్యాండే రాకపోతే డీఎన్ఏను పదింతలు పలుచన చేయండి. ఫార్మాలిన్‌లో ఉంచిన పురుగుతో కుస్తీ వద్దు.

బయోటైప్ (ఒకే జాతిలో, ఏ వరి రకాలను పట్టగలదో దాన్నిబట్టి వేరయ్యే తెగ) మాత్రం ఈ బార్‌కోడ్‌తో తేలదు. జగిత్యాలలో కనిపించే బయోటైప్ 3 ఏమో, శ్రీకాకుళంలో కనిపించే బయోటైప్ 4 ఏమో తెలియాలంటే నిరోధక వరి రకాలపై పురుగును వదిలి, ఏ వరి రకానికి గొట్టాలు వస్తున్నాయో లెక్కపెట్టాల్సిందే.