సిమ్యులేషన్‌లో ఐదుగురున్నా ఒక్కరే పనిచేస్తున్నారా?

లక్షణం: స్కిల్ ల్యాబ్‌లో (సాధన గదిలో) కార్డియాక్ అరెస్ట్, అంటే గుండె ఆగిపోయిన సీను. మానెకిన్ (రోగి బొమ్మ) చుట్టూ ఐదుగురు విద్యార్థినులు. ఒకమ్మాయి చెమటలు కారేలా ఛాతీ నొక్కుతూ కంప్రెషన్లు ఇస్తుంటుంది, మిగతావాళ్లు చూస్తుంటారు. "అడ్రినలిన్ తెండి" అంటే ఇద్దరు మందుల కార్ట్ దగ్గరికి ఉరుకుతారు, లేదా ఒక్కరూ కదలరు. విడివిడిగా పరీక్ష పెడితే మాత్రం అందరికీ అన్నీ వచ్చు.

ముందు చూడాల్సింది: సీను మొదలుపెట్టేముందు పనులు పంచారా? కంప్రెషన్లు, అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), మందులు, టైమ్ రాయడం, లీడర్. రెండు నిమిషాల పని. ఇది చేయకుండా ఖరీదైన మానెకిన్ కోసం ఇండెంట్ పెట్టేవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది.

పంచినా అలాగే ఉంటే: కారణం నేర్పే మీరే కావచ్చు. నాకిది తెలియడానికి రెండు బ్యాచ్‌లు పట్టింది. మా మానెకిన్‌కి పల్స్ లేదు, మానిటర్ లేదు. అందుకని మంచం కాళ్ల దగ్గర నిలబడి నేనే చెప్పేదాన్ని. "పల్స్ ఉందా మేడమ్?" "లేదు." "రిథమ్ ఏంటి మేడమ్?" "ఎసిస్టోల్" (మానిటర్ మీద గీత కదలని స్థితి). ఒకరోజు ఫోన్‌లో తీసిన వీడియోని సౌండ్ లేకుండా చూశాను. ఐదు మొహాలూ నావైపే! పక్కనున్న పిల్లని చూసినవాళ్లే లేరు. ప్రతి మాటా నా దగ్గరికొచ్చి, నా నుంచే వెళ్తోంది. ఇక వాళ్లలో వాళ్లకి మాట్లాడుకునే అవసరమేముంది?

పరిష్కారం: రిథమ్ (గుండె లయ), బీపీ, పల్స్ చీటీల మీద రాసి, మడిచి, తల దగ్గరుండే అమ్మాయికివ్వండి. మిగతావాళ్లకి కనిపించకూడదు. ఆమె పైకి చెబితేనే టీమ్‌కి తెలుస్తుంది. మీరు స్క్రీన్ వెనక్కి వెళ్లిపోండి. మొదటిసారి కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది, టెన్షన్ పడి అందించకండి. లీడర్ పేరుపెట్టి చెప్పాలి: "లావణ్యా, అడ్రినలిన్ 1 ఎం.జి. ఐ.వి." లావణ్య అదే తిరిగి చెప్పి, ఇచ్చాక "ఇచ్చేశాను" అనాలి. 2 నిమిషాలకోసారి కంప్రెషన్లు చేసే మనిషి మారాలని గుర్తుచేసేది టైమ్ రాసే అమ్మాయి, మీరు కాదు.

సీను అయ్యాక జరిపే చర్చ, డీబ్రీఫింగ్‌లోనూ ఇదే జబ్బు తిరగబెడుతుంది. మీరు తప్పుల చిట్టా విప్పితే మళ్లీ అందరూ మీవైపే తిరుగుతారు. ముందు టైమ్ షీట్ చదివించండి. 3 నుంచి 5 నిమిషాలకోసారి పడాల్సిన అడ్రినలిన్ 9 నిమిషాలు పడలేదని వాళ్లే పట్టుకుంటారు. ఎందుకు పడలేదో వాళ్లే వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి.

అరుదుగా కారణం వేరే ఉంటుంది. మానెకిన్ ఛాతీ స్ప్రింగ్ పోతుంది, బాగుచేయించండి. హాస్టల్లో గొడవపడి మాటల్లేని ఇద్దరు ఒకే గ్రూపులో పడటమూ ఉంటుంది. గ్రూపు మార్చేస్తే సరి.