పునాదికి ముందు రెసిస్టివిటీ సర్వేనా? ఇవి చూసుకోండి

వానలు పడేలోపు పునాది తీయాలని హైదరాబాద్‌లో అందరికీ తొందరే. రెసిస్టివిటీ సర్వే అంటే నేలలో వరుసగా రాడ్లు దిగ్గొట్టి, కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలిచి, అడుగున రాయా మట్టా అని అంచనా వేయడం. ఆ సర్వే వాళ్లను పిలిచే ముందు:

– సర్వే ఒక్కదాన్నే నమ్మి పునాది లోతు ఖాయం చేయొద్దు. ఇక్కడ అడుగున గ్రానైట్, పైన మొరంలో ఇరుక్కున్న పెద్ద పెద్ద గుండ్లు. రీడింగ్ వేల ఓం-మీటర్లకు (నేల కరెంటును అడ్డుకునే కొలత) పోతే అది షీట్ రాకా (అంతటా పరుచుకున్న రాతి పొర), మెత్తని మట్టి మీద కూర్చున్న గుండా అన్నది మీటర్ చెప్పదు. అనుమానమున్న చోట బోర్ వేసి, బయటికొచ్చిన రాతి ముక్కను (కోర్) చేత్తో పట్టుకుని చూడాల్సిందే.

– జాగా పొడవు చాలుతుందా? 2డి సర్వేలో (రాడ్లన్నీ ఒకే లైన్‌లో పాతి చేసేది) అందే లోతు ఆ లైన్ పొడవులో సుమారు ఐదో వంతు. 20 మీటర్లు చూడాలంటే 100 మీటర్ల లైన్ కావాలి. 200 గజాల ప్లాటుకు బోరే నయం.

– ఇనుప కంచె, నీళ్ల పైపు, ఎర్త్ పిట్‌లకు దూరంగా లైన్ వేయించండి. కరెంటు వాటిలోంచి పోతే రాయి కూడా బురదలా కనిపిస్తుంది.

– ఎండిన నేలలో రాడ్ల మొదట్లో ఉప్పునీళ్లు పోయించండి. లేదంటే కరెంటు దిగదు.

– చెరువు పక్కన మట్టి పోసి చదును చేసిన జాగా అయితే సర్వే వాళ్లకు దాచకుండా చెప్పండి.

– రీడింగ్ తీసేటప్పుడు రాడ్లు ముట్టొద్దు, వందల వోల్టులుంటాయి. సైట్‌లో ఆడుకునే కూలీల పిల్లలను ముందే పక్కకు పంపండి.