కొరియా యూనివర్సిటీ ఇంగ్లీష్ క్లాసులో ఎవరూ నోరు విప్పకపోతే

సమస్య: ప్రశ్న అడగ్గానే తలలన్నీ కిందికి

ఇరవై మందీ పుస్తకంలోకి తల దించేస్తారు. ఒకమ్మాయి మాత్రం పక్కనున్న స్నేహితురాలి చెవిలో జవాబు చెబుతుంది, అదీ సరైన జవాబే. పైకి చెప్పమ్మా అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

కారణం: ఇంగ్లీష్ రాక కాదు. వీళ్లలో చాలామంది నవంబరులో జరిగే సునుంగ్ ప్రవేశపరీక్ష కోసం ఏళ్ల తరబడి చదివి వచ్చినవాళ్లు. అందులో ఇంగ్లీష్‌కు 70 నిమిషాలు, 45 ప్రశ్నలు. 17 విని రాయాల్సినవి. ఆ ఆడియో నడిచేంతసేపు చప్పుడు రాకూడదని దేశమంతటా విమానాలు ఎక్కడం, దిగడం ఆపేస్తారు. అంత పట్టింపుగా జరిగే పరీక్షలో మాట్లాడే భాగమే లేదు! నోటికి అలవాటు ఎక్కణ్నుంచి వస్తుంది? పైగా చాలా కోర్సుల్లో గ్రేడ్లు తోటివాళ్లతో పోల్చి ఇస్తారు. అందరి ముందూ తప్పు మాట్లాడటమంటే ప్రాణం మీదికొచ్చినట్టే.

పరిష్కారం: పేరు పెట్టి లేపకండి. ముందు రెండు నిమిషాలు రాసుకోనివ్వండి, తర్వాత పక్కవాళ్లతో చెప్పుకోనివ్వండి. అప్పుడు "మీ ఇద్దరూ ఏమనుకున్నారు?" అనండి. తప్పయినా ఒక్కరి నెత్తిన పడదు. మొదటి వారాల్లో మాట్లాడినందుకే మార్కులివ్వండి, సరిగ్గా మాట్లాడినందుకు కాదు. నా అనుభవంలో అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇదే.

సమస్య: గ్రూపులో ఒక్కరిదే గొంతు

కారణం: వయసు. సైన్యంలో తప్పనిసరి సేవ 18 నెలలు చేసి తిరిగొచ్చిన అబ్బాయి, మొదటి ఏడాది పిల్లలు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే, సన్‌బే, అంటే సీనియర్, చెప్పాక మనమేం చెబుతాంలే అని చిన్నవాళ్లు ఊరుకుంటారు. నువ్వు, మీరు తేడా తెలిసిన మనకిది తేలిగ్గానే అర్థమవుతుంది. పెద్దవాణ్ని ఇంగ్లీషులో ఉత్త "యూ" అనాలంటే వాళ్లకు నోరు రాదు.

పరిష్కారం: చీటీల మీద పనులు రాసి పంచండి. సీనియర్‌కు అడిగే పని, చిన్నవాళ్లకు చెప్పే పని. టీచర్ ఇచ్చిన పని కాబట్టి అమర్యాద అనిపించదు.

సమస్య: సగం వాక్యంలో ఆగిపోవడం

కారణం చాలాసార్లు మనమే, మధ్యలో దిద్దుతాం. కొరియన్‌లో "ఎఫ్" ధ్వని లేదు, కాఫీ కూడా "కొపి" అవుతుంది. దాని కోసం మాట ఆపకండి. తప్పులు రాసుకుని, చివర్లో ఎవరివో చెప్పకుండా బోర్డు మీద దిద్దండి.

ఇంతా చేసినా పలకనివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకోసం అక్కడ అందరూ వాడే మెసేజింగ్ యాప్ కకావోటాక్‌లో ఓపెన్ చాట్ తెరిచి, మారుపేరుతో జవాబు పంపమనండి. వచ్చింది గట్టిగా చదవండి, ఎవరు రాశారో అడగొద్దు.