సేజాన్ బీరు ఫ్రిజ్‌లోంచి తీయగానే తాగేయకండి

సేజాన్ (బెల్జియం పల్లెల్లో పుట్టిన ఒక రకం బీరు) దొరికితే దాన్ని కూడా మనకు ఎక్కువగా దొరికే మామూలు లాగర్ బీరులా గడ్డకట్టేంత చల్లబరిచి గటగటా తాగేస్తే డబ్బు దండగే. బయట పావుగంటో ఇరవై నిమిషాలో ఉంచండి, 10-12 డిగ్రీల దగ్గరికి వచ్చాకే ఆ మిరియాల ఘాటు, నిమ్మతొక్క లాంటి వాసన తెలుస్తాయి (చాలావాటిలో మిరియాలేమీ వేయరు, అదంతా ఈస్ట్ పనే).

మొదటిసారైతే సేజాన్ డ్యూపాంట్ చూడండి. బెల్జియంలో ఫ్రెంచి మాట్లాడే వలోనియాలో, టూర్ప్ అనే పల్లెలో, పాత వ్యవసాయ క్షేత్రంలోని బ్రూవరీలో చేస్తారు, ఆల్కహాల్ 6.5 శాతం. సీసాలో కూడా ఇంకోసారి పులుస్తుంది కాబట్టి నురగ బుసబుసా పొంగుతుంది, పెద్ద గ్లాసు తీసుకుని వంచి మెల్లగా పోయండి.

అడుగున మడ్డి కనిపిస్తే పాడైందనుకోకండి, అదీ ఈస్టే. నేను మొదట్లో తెలియక సింకులో పారబోశాను! ఇప్పుడు పైనున్న తేట ఒక గ్లాసు తాగి, మిగిలింది సీసాలోనే కాస్త తిప్పి మడ్డితో సహా రెండో గ్లాసులో పోసుకుంటా, రుచి మందంగా, ఇంకాస్త ఘాటుగా మారుతుంది. తీపి మాత్రం వెతక్కండి, చక్కెర దాదాపు అంతా పులిసిపోతుంది, గుక్క దిగాక నాలుక మీద చేదే మిగులుతుంది. పక్కన చేపల వేపుడుంటే నాకింకేం అక్కర్లేదు.