రెజ్లర్ కనిపించిన సినిమాలు, టీవీ షోల జాబితా తయారు చేయడం ఎలా?

విజయవాడ, గుంటూరుల్లో జరిగే క్విజ్‌లకు రెజ్లర్ల రౌండ్ తయారు చేస్తుంటాను. పోటీకి వచ్చే కుర్రాళ్లు చదువుకొచ్చే జాబితాలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అభిమానం ఉన్నవాళ్లే ఇంత అజాగ్రత్తగా రాస్తే ఎలా?

రూళ్ల నోటుబుక్కు, పెన్సిలు, నెట్ ఉంటే చాలు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత సినిమా పత్రికలు దొరికితే వదలకండి. ఎక్సెల్ మాత్రం వద్దు. అందులో కాపీ కొట్టడం తేలిక, పక్కవాడి తప్పులూ అలాగే వచ్చేస్తాయి.

ముందుగా పేర్లు: అసలు పేరు, రింగు పేరు, తెర మీద వేసిన పేరు. గ్రేట్ ఖలీ అసలు పేరు దలీప్ సింగ్ రాణా. ఇంకో రెజ్లర్ రింగులో బాటిస్టా, సినిమా టైటిల్స్‌లో డేవ్ బౌటిస్టా. అన్ని పేర్లతోనూ వెతకాలి.

తర్వాత సంవత్సరం. మొదటిసారి విడుదలైన ఏడాదే వేయాలి, తెలుగు డబ్బింగ్ వచ్చిన ఏడాది కాదు. దారాసింగ్ హనుమంతుడిగా వేసిన దూరదర్శన్ ‘రామాయణ్’ 1987 జనవరిలో మొదలై 1988 జులైలో ముగిసింది. లాక్‌డౌన్‌లో మళ్లీ వేశారు కదా అని 2020 రాస్తే తప్పే.

అసలు చిక్కంతా ఇక్కడుంది: ఎవరిగా కనిపించాడు? నిదానంగా చేయండి. రెజ్లర్ తెర మీదికి పాత్రగా రావచ్చు, తనలాగే రావచ్చు, పాత క్లిప్పులో రావచ్చు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేయడంతోనే జాబితాలు పాడవుతున్నాయి.

పేరు చూసి తేల్చేయకండి. ‘గెట్ స్మార్ట్’ (2008)లో ఖలీ పాత్ర పేరు దలీప్. అసలు పేరే కదా అని ‘స్వయంగా’ అని రాసేస్తారు. కానీ అందులో అతను విలన్ దగ్గర పనిచేసే మనిషి, కచ్చితంగా పాత్రే. అదే ఖలీ హిందీ ‘బిగ్ బాస్’ నాలుగో సీజన్‌లో తనలాగే ఉండి రన్నరప్ అయ్యాడు. అది ‘స్వయంగా’.

వృత్తి చూసీ తేల్చకండి. ‘రాకీ 3’ (1982)లో హల్క్ హోగన్ వేసింది రెజ్లర్ వేషమే, కానీ ఆ రెజ్లర్ పేరు థండర్‌లిప్స్. 1999లో ‘దట్ సెవెంటీస్ షో’లో రాక్ (డ్వేన్ జాన్సన్) తన తండ్రి రాకీ జాన్సన్‌గా కనిపించాడు. తండ్రీ నిజమైన రెజ్లరే, అయినా అది పాత్ర కిందికే వస్తుంది. దారాసింగ్ ‘కింగ్ కాంగ్’ (1962) సంగతీ చూడండి. ఆ పేరుతో రింగులో ఒక రెజ్లర్ ఉండేవాడు కాబట్టి ఇదేదో కుస్తీ పోటీ అనుకుని జాబితాలోంచి కొట్టేస్తారు. అది పూర్తి సినిమా.

నా పద్ధతి ఒకటే. ఆ సీన్ ఒరిజినల్ భాషలో చూడండి, ఎందుకంటే డబ్బింగులో పేర్లు మారొచ్చు. ఆ మనిషికి కథ కోసం కల్పించిన ఉద్యోగమో, శత్రువో, కుటుంబమో ఉందా? ఉంటే పాత్ర. చివరి టైటిల్స్ దగ్గర వీడియో ఆపి, అక్కడున్నది అక్షరం అక్షరం రాసుకోండి. సైట్లలో చూసి రాసేవాళ్లు ఈ పని చేయరు, అందుకే ఒకడి తప్పు పదిమంది దగ్గర కనిపిస్తుంది.

వారం వారం టీవీలో వచ్చే కుస్తీ పోటీలు జాబితాలో ఉండకూడదు. అది అతని ఉద్యోగం. వాటిని కలిపితే అసలు నటన ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇక ఫెయిర్ చేయడమే. సినిమాలు ఒక పేజీ, టీవీ ఒక పేజీ, పాతవి పైన. ఇంకా విడుదల కాని సినిమాను పెన్సిల్‌తో మార్జిన్‌లో ఉంచి, థియేటర్‌కి వచ్చాకే లోపలికి ఎక్కించండి.